జాబితాలో లేని ఫైలు

“వచ్చేసింది! నిజంగా వచ్చేసింది!”

ఫోన్‌లో భర్త కేక వినగానే ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. మోచెయ్యి తగిలి టీ గ్లాసు పల్టీ కొట్టింది. టీ బల్ల మీద పారుకుంటూ వచ్చి కీబోర్డుకి వేలెడు దూరంలో ఆగింది.

“చెవి పగిలింది నాకు. ఏం వచ్చిందో చెప్పు ముందు.”

“గోదాము కెమెరా ఫైలు! విచారణాధికారి గట్టిగా అడిగేసరికి గోదాము వాళ్లకి ఇవ్వక తప్పలేదు. మనకీ ఒక కాపీ పంపారు. ఇంక అన్నయ్య మీద కేసు లేనట్టే.”

ఆమె ఫోన్‌కే ఒక ముద్దు పెట్టేసింది. పక్క కుర్చీలో ల్యాబు పెద్దాయన ఉన్నాడన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది.

“కానీ జిప్పమ్మా, కానీ,” అన్నాడాయన తెర మీంచి తల ఎత్తకుండానే. “పెళ్లయి నెల కాలేదు. ఆ ఫోను తడిసి పాడవకుండా చూసుకో, అంతే.”

ఆ పేరు పెట్టింది ఆయనే. రెండు వారాలుగా ఆ కళాశాల ల్యాబులో ఆమె చేస్తున్న పని మూటలు విప్పడం. కుదించి కట్టిన జిప్ ఫైళ్లను ఏ పనిముట్టు ఎంత వేగంగా, ఎంత భద్రంగా విప్పుతుందో పోల్చి పట్టిక రాయాలి. బల్ల మీద మూడు కంప్యూటర్లు. ఒకదాంట్లో లినక్స్, ఒకదాంట్లో ఫ్రీబీఎస్‌డీ, ఒకదాంట్లో ఓపెన్‌బీఎస్‌డీ. మూడూ ఎవరైనా లోపలికి తొంగిచూసి బాగుచేసుకోగల వ్యవస్థలే. వాటి మీదున్న బొమ్మల్ని బట్టి ఆమె వాటికి పెంగ్విను, కొమ్ములోడు, ముళ్లచేప అని పేర్లు పెట్టుకుంది. పొద్దున రాగానే మూడింటికీ పేరుపేరునా పలకరింపు. చేప ఒక్కటే కొంచెం బెట్టు. కావలసిన పనిముట్టు విడిగా తెచ్చి పెడితే తప్ప జిప్ మూటని ముట్టుకోదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి అందరూ ఆమె కోసమే కాచుకుని ఉన్నారు. మంచం మీద భర్త అన్నయ్య, బావగారు. పదకొండు రోజులుగా ఆయన పై పళ్లూ కింది పళ్లూ తీగలతో కలిపి బిగించి ఉన్నాయి. పక్కన అక్క, అంటే ఆయన భార్య, గిన్నెలో పల్చటి జావ పట్టుకుని గొట్టం ఆయన పెదవుల మధ్యకి జొనుపుతోంది. ఆయన ఎడమ కన్ను చుట్టూ నల్లగా కమిలిన చోటు ఇప్పుడు ఆకుపచ్చకి తిరిగింది.

“రావే చెల్లీ, తొందరగా పెట్టు. ఆ సూపర్‌వైజరు కొట్టింది కళ్లారా చూస్తే గానీ నా కడుపు మంట చల్లారదు,” అంది అక్క.

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మూట విప్పింది. మూడు ఫైళ్లు బయటికొచ్చాయి: గేటు, యార్డు, తూకం. గొడవ జరిగింది తూకం దగ్గరే. నొక్కింది.

పద్నాలుగు సెకన్లు. తూకం యంత్రం పక్కన బావగారు నిలబడి ఉన్నారు. చేతిలో పెట్టెలు లేపే ఇనుప గడ. రెండు చేతులా ఎత్తి, వెనక్కి వంగి, బలమంతా పెట్టి యార్డు సూపర్‌వైజరు భుజం మీద దించారు. ఆ మనిషి మోకాళ్ల మీద కూలాడు. నలుగురు పరుగెత్తుకొచ్చారు. అయిపోయింది.

అక్క చేతిలో గిన్నె ఒక పక్కకి ఒరిగి జావ దుప్పటి మీద పడుతోంది.

“ముందు నువ్వే కొట్టావా?” అంది. “వాళ్లు చెప్పింది నిజమేనా? నాతో ఒక్క ముక్క అనలేదేం?”

బావగారు కళ్లు మూసుకున్నారు. రాసి చూపించడానికి పక్కనే కాగితాల అట్ట ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

“ఇది మొదలు కాదు,” అన్నాడు భర్త. “అన్నయ్య చీమని కూడా పక్కకి జరిపి నడిచే మనిషి. మధ్యలోంచి కోశారు.”

“కోశారని ఎవరికి చెప్తావ్? గురువారం పదింటికి విచారణ. ఇదే వేస్తారు అక్కడ. ఉద్యోగం పోయి ఈయన జైల్లో కూర్చుంటాడు.” అక్క గిన్నెని గోడకేసి కొట్టింది. అది గింగిరాలు తిరుగుతూ మంచం కిందికి దొర్లింది.

*

మరునాడు పొద్దున భర్త గోదాము గేటు దగ్గరికి వెళ్లాడు. అన్నయ్య బూట్లు, టిఫిన్ డబ్బా లోపలి అరలో ఉండిపోయాయి. వాటి వంకతో కెమెరా గది మనిషిని పట్టుకుని రెండు ముక్కలు అడగాలని.

గంటలో తిరిగొచ్చాడు. ఆమె ల్యాబుకి బయలుదేరుతూ తలుపు తీసేసరికి ఎదురుగా చొక్కా నిండా రక్తంతో నిలబడి ఉన్నాడు.

“భయపడకు. ఇదంతా ముక్కుది. మనిషిది కాదు.”

అతన్ని కుర్చీలో కూలేసి ముఖం పైకెత్తింది. కింది పెదవి మధ్యకి చీలింది. బుగ్గ మీద వరసగా నాలుగు గాట్లు.

“ఎవడు? ఏం పెట్టి కొట్టాడు?”

“ఆ సూపర్‌వైజరే. తాళాల గుత్తి. పిడికిట్లో పెట్టుకున్నాడు. ఒక చెయ్యి కట్టులో వేలాడుతోంది, రెండో చేత్తోనే ఇంత పని చేశాడు.” అతను మాట్లాడుతుంటే పెదవి మీద బుడగలు వస్తున్నాయి. “‘మీ అన్నకి దవడ పోయింది, నీకు నాలుక్కూడా బరువైందా’ అన్నాడు. నేను బూట్లు ఇవ్వండి చాలు అన్నాను. ఒక బూటు విసిరాడు. అది తీసుకోడానికి వంగాను. అప్పుడు మోకాలితో ముక్కు మీద.”

“ఎవరూ ఆపలేదా?”

“గేటు మనిషి ఆపాడు. గేటు మూస్తూ, బయట కొట్టుకోండి అన్నాడు.”

ఆమె గుడ్డ తడిపి ఒత్తింది. ఇరవై ఆరు రోజుల క్రితం ఆ ముఖంలో ఏ పుట్టుమచ్చ ఎక్కడుందో లెక్కపెట్టి మురిసిపోయింది. ఇప్పుడు గడ్డం మీది మచ్చ వాపులో ఎటో పోయింది. దానికోసం వెతుకుతుంటే ఒళ్లంతా వణుకు పుట్టింది. ఏడుపనుకుంది, కాదు. చేతికి ఏదైనా దొరికితే ఆ సూపర్‌వైజరు తల రెండు చెక్కలు చెయ్యాలనిపించే వణుకు అది. తనలో అలాంటిది ఉందని ఆమెకి ఇంతవరకు తెలియదు.

“మీరు కాస్త కదలకుండా ఉంటారా?”

“గదిలో ఎవరూ లేరుగా. ఈ ‘మీరు’ ఎందుకొచ్చింది?”

“పెద్దవాళ్ల ముందే ‘మీరు’ అంటాను అనుకున్నారా? కోపమొచ్చినప్పుడు కూడా అంటాను. రాసి పెట్టుకోండి.”

“నవ్వించకే. పెదవి ఊడి చేతిలోకొస్తుంది.”

పెదవికి మూడు కుట్లు పడ్డాయి. అతన్ని పడుకోబెట్టి, మధ్యాహ్నానికి ఆమె ల్యాబు చేరింది. రానని చెప్పుంటే పెద్దాయన ఏమీ అనేవాడు కాదు. కానీ ఇంట్లో కూర్చుంటే గోడలు గుద్దుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు.

పెంగ్విను మీద ఒక ప్రోగ్రాము బిగుసుకుపోయి కదలనంటే, దాన్ని ఆపే ఆజ్ఞ కొట్టింది. ఆ ఆజ్ఞ పేరుకి అర్థం చంపు అని. అంత తృప్తిగా ఆ నాలుగు అక్షరాలు ఆమె ఎప్పుడూ కొట్టలేదు.

“ఇంటికి వెళ్తావా?” అన్నాడు పెద్దాయన.

“వద్దండీ. పెద్ద మూట ఏదైనా ఉందా, పరీక్షకి?”

“నిన్న దించుకున్నావుగా, మీ బావగారిది. బరువైనదే కదా.”

నిజమే. ఆమె దాన్ని మూడింటి మీదా వేసింది. గడియారం పెట్టి విప్పడం, పట్టికలో సెకన్లు రాయడం. పెంగ్విను విప్పింది, కొమ్ములోడు విప్పాడు. చేప గునుస్తూ విప్పింది. తర్వాతి గడిలో విప్పక ముందు బరువు, విప్పాక బరువు రాయాలి. ముందు తొమ్మిది వందల నలభై మెగాబైట్లు. విప్పాక మూడు ఫైళ్లూ కలిపితే ఐదు వందల పది.

తప్పు రాశాననుకుని కొట్టేసింది. మళ్లీ చూసింది. అంతే.

“ఏవండీ, మూట విప్పితే సరుకు తగ్గుతుందా?”

“పెరగాలి. లేదా, వీడియోలైతే అవి ముందే కుదించి ఉంటాయి కాబట్టి ఉన్నంతే ఉండాలి.”

“సగం పోయింది.”

పెద్దాయన కుర్చీని కాళ్లతో తోసుకుంటూ వచ్చాడు. అంకెలు చూసి కళ్లజోడు నుదుటి మీదకి నెట్టాడు. “పోలేదు. లోపలే ఉంది. నీ పనిముట్లు చూడటం లేదంతే. అవి ఎలా చదువుతాయి?”

“చివరనుంచి.”

చెప్పిన మాట తనకే వినిపించి ఆగిపోయింది. జిప్ మూటకి జాబితా మొదట ఉండదు, చివర ఉంటుంది. పనిముట్లు నేరుగా ఆ చివరికి వెళ్లి, అందులో పేరున్న వాటినే బయటికి తీస్తాయి. పేరు లేనిది లోపల ఎంత బరువుగా పడున్నా వాటికి కనపడదు. కొమ్ములోడి దగ్గర టార్ అనే పనిముట్టు ఒకటుంది. అదీ మామూలుగా అంతే. కానీ మూటని డిస్కు మీంచి ఇవ్వకుండా పైప్ అని పిలిచే గొట్టంలోంచి ధారగా పోస్తే దానికి చివరేమిటో తెలియదు. మొదటినుంచి చేతికి తగిలిందల్లా తీసి బయట పెట్టుకుంటూ పోతుంది. పట్టికలో దానికి వేరే గడి కూడా ఉంది. ఆ గడిని రెండు వారాలుగా విసుక్కుంటూ నింపుతోంది.

గొట్టం తగిలించి, ఒక్కో పేరూ చదువుతూ విప్పమంది. తెర మీద వరసగా పడ్డాయి.

తూకం. గేటు. యార్డు. తూకం.

“రెండు తూకాలు,” అంది తెర మీద వేలు పెట్టి.

“మొదట అసలుది కట్టాడు,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. “తర్వాత ఎవడో వచ్చి, అది కాదు ఇది పెట్టు అన్నాడు. కోసిన ముక్కని అదే పేరుతో మూటలో పడేశాడు. వాడి పనిముట్టు పాతదాన్ని తీసే శ్రమ పడలేదు. కొత్తది వెనకాల అతికించి, జాబితా మార్చి రాసింది. తెరిచి చూసుకుంటే కొత్తదే కనపడింది. చెరిపేశాననుకుని చేతులు దులుపుకున్నాడు.”

ఆమె ఫోల్డరు తెరిచింది. అందులో మాత్రం ఒక్కటే తూకం, అదే పద్నాలుగు సెకన్లు. రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చుంది. అంతా తుడిచేసి, ముందు వచ్చినదాన్ని తర్వాత వచ్చింది తొక్కకూడదని ఒక చిన్న అక్షరం చేర్చి, మళ్లీ ధార వదిలింది.

ఈసారి తూకం పదహారు నిమిషాలుంది.

శబ్దం లేదు. తూకం ముందు చీటీల అమ్మాయి, పెట్టెల మీద చిరునామా చీటీలు అంటించే మనిషి, వంగి పని చేసుకుంటోంది. సూపర్‌వైజరు వచ్చాడు. ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. జుట్టు పట్టుకుని లాగాడు. చీటీల చుట్ట దొర్లిపోయింది. ముఖాన్ని తూకం పళ్లెం అంచుకేసి కొట్టాడు, ఒకటి, రెండు, ఆమె చేతులు పళ్లెం మీద జారుతున్నాయి, మూడు. పెట్టెలు బిగించే ప్లాస్టిక్ పట్టీ గోడమీంచి లాగి రెండు పేటలు చేసి వీపు మీద బాదాడు. ఆమె పెట్టెల సందులోకి పాకింది. కాలు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

అప్పుడు వచ్చారు బావగారు. చేతుల్లో గాజు సామానుందని గుర్తు వేసిన పెట్టె. చూశారు. ఒక్క క్షణం. పెట్టెని నేలమీద పెట్టి, అడుగున వేళ్లు నలగకుండా ఒక్కోటీ తీసుకుని, అప్పుడు నడిచి వెళ్లి పట్టీ పట్టుకున్నారు. సూపర్‌వైజరు తలతో ఆయన ముఖం మీద పొడిచాడు. ఇంకొకడు వెనకనుంచి వచ్చి మెడ మీద వేశాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని గోడకి తోసి కడుపులో గుద్దుతూనే ఉన్నారు. ఆయన కిందకి జారి, తడుముకుని, గడ పట్టుకుని లేచారు. ఎత్తారు. దించారు. ఆ పద్నాలుగు సెకన్లు ఇక్కడ. తర్వాత నలుగురు. బూట్లు. దవడ ఎక్కడ విరిగిందో కూడా కనపడింది. తల ఒక్కసారి అసహజంగా పక్కకి తిరిగింది.

పెద్దాయన వీడియో ఆపాడు. ఆమె మూట నకళ్లు రెండు తీసి, ఏ ఆజ్ఞ కొడితే ఏం బయటపడిందో కాగితం మీద అక్షరం పొల్లుపోకుండా రాసింది.

*

“గెలిచాం!” అంటూ ఇంట్లోకి పరుగున వచ్చింది. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి వీధిలో.

అసలు ఫైలు దొరికిందని అక్క విన్నది. ల్యాప్‌టాప్ కోసం చెయ్యి చాపింది. ఆ చేతిని బావగారు మధ్యలోనే పట్టుకున్నారు. అంత గట్టిగా కదలడం పన్నెండు రోజుల్లో అదే మొదలు. అట్ట లాక్కుని రాశారు: వద్దు.

“ఏం వద్దు?”

మళ్లీ రాశారు: తెరవొద్దు.

“ఏముంది అందులో? ఎవరున్నారు?”

బావగారు మరదలి వైపు చూశారు. ఆమె తల దించుకుంది. చూసేశానని చెప్పడానికి అది చాలు. ఆయన రాశారు: చీటీల అమ్మాయి. ఆ రోజు అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఎవరికీ చెప్పొద్దని. సరే అన్నాను.

“దవడ వేలాడుతుంటే సరే ఎలా అన్నావ్?” అంది అక్క.

ఆయన రాశారు: తల ఊపాను.

అక్క ఒక్క ఉదుటున లేచింది. “తల ఊపావా! ఎవరికో తల ఊపి, నేను నిన్న నిలబెట్టి అడిగితే కళ్లు మూసుకున్నావా? ఆవిడ పరువు కోసం నువ్వు జైలుకి పోతావ్, నేను ఏమై పోవాలి? ఇదిగో నీ తమ్ముడు, ఈ ముఖం చూడు!” మంచం పట్టీ మీద అరచేత్తో కొట్టింది, మళ్లీ కొట్టింది, చెయ్యి ఎర్రబడేదాకా కొట్టింది. ఆపడానికి వెళ్లిన మరిదిని మోచేత్తో తోస్తే కుట్లు పడిన పెదవికి తగిలి అతను మెలికలు తిరిగిపోయాడు. అది చూసి అక్క కూలబడి ఏడ్చింది.

“ఇచ్చేద్దాం అన్నయ్యా,” అన్నాడు భర్త పెదవి పట్టుకుని. “నీకేం చెడ్డపేరు రాదు.”

ఆమె మొగుడి వైపు చూసింది, బావగారి వైపు చూసింది. మూట తను విప్పింది కాబట్టి తనదే అన్నట్టు పరుగెత్తుకొచ్చానని అప్పుడు తట్టింది. అందులో నేలమీద ఈడ్వబడిన మనిషిని ఎవరూ అడగలేదు.

“బావగారూ, చూపించొద్దంటే చూపించను. ఆవిణ్ణి వెళ్లి అడగొచ్చా?”

ఆయన రాశారు: అడుగు. బతిమాలొద్దు.

*

బుధవారం పని వదిలే వేళకి భార్యాభర్తలిద్దరూ చీటీల అమ్మాయి గదికి వెళ్లారు. ఒక్కటే గది. కిటికీలో ఉతికిన బట్టలు. లోపలికి రమ్మనలేదు గానీ, అతని ముఖం చూసి తలుపు వదిలింది. నుదుటి మీద అతికించిన ప్లాస్టరు జుట్టుతో కప్పుకుంది.

“ఆయన చెప్పేశారా?” అంది.

“లేదండీ. చెప్పనన్నారు. నేనే చూశాను, తెలియక. క్షమించాలి.”

“మీరు చూశారా.” మంచం అంచున కూర్చుంది. “నేనెలా ఉన్నాను అందులో? కుక్కని లాగినట్టు లాగాడు కదా. నాకు తెలుసు. నోరెత్తలేదు నేను. చచ్చినదానిలా పడున్నాను. అది పదిమందీ తెర మీద చూసి అయ్యో అనడం నావల్ల కాదండీ. కొట్టించుకున్నా పర్లేదు. అయ్యో అనిపించుకోలేను.”

బతిమాలొద్దన్నారు. ఆమె సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టింది. “ఫైలు మీ దగ్గర వదిలి వెళ్తాను. మీది. ఉంచుకుంటారో, చెరిపేస్తారో.”

“మీ దగ్గర ఇంకోటి ఉండదా?”

“రెండున్నాయి. మీరు ఊ అంటే ఇంటికెళ్లి రెండూ చెరిపేస్తాను.”

“రేపు మరి ఆయన?”

భర్త నోరు తెరవబోయాడు. ఆమె అతని చెప్పు మీద కాలు వేసి నొక్కింది.

చీటీల అమ్మాయి వీడియో పెట్టించుకుని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. వాళ్లిద్దరూ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అతని చిటికెన వేలు ఆమె వేలిని చుట్టుకుంది. ఆ వేలు ముడి కూడా వాచి ఉందని అప్పుడు తెలిసింది.

“ఇదేంటి?” అంది వెనకనుంచి. “ఇది వెనక్కి ఎలా తిప్పాలి?”

ఆమె వచ్చి తిప్పి పెట్టింది. పెట్టెల సందులోంచి కాలు పట్టి ఈడ్చిన చోటు.

“ఇంకొంచెం. ఆఁ. ఇక్కడ. నెమ్మదిగా వెళ్తుందా?”

నెమ్మదిగా నడిపింది. సూపర్‌వైజరు వంగుతున్నాడు. చీటీల అమ్మాయి తల పైకి లేచింది. అతని ముంజేతిని రెండు చేతులా పట్టుకుంది. నోరు తెరిచింది. అతని ముఖం వికారంగా వంకర పోయింది. చెయ్యి విదిలిస్తున్నాడు, విదిలిస్తున్నాడు, ఆమె వదలడం లేదు, తల అతని చేతితోపాటే అటూ ఇటూ ఊగిపోతోంది. తలుపు దగ్గర బావగారు కనపడింది దాని తర్వాతే. ల్యాబులో ఇదంతా కళ్లముందే జరిగినా, ఆమె దెబ్బల్నే చూసింది గానీ దీన్ని చూడలేదు.

“కొరికాను,” అంది చీటీల అమ్మాయి. “నేను వాణ్ణి కొరికాను!”

“గట్టిగానే కొరికారు,” అన్నాడు భర్త కుట్ల మధ్యనుంచి.

“నాకు గుర్తే లేదు. నోట్లో రక్తం నాదే అనుకున్నా.” ఇంకోసారి నడిపించమంది. మూడోసారి తనే నడుపుకుంది. చూస్తూ చూస్తూ నవ్వింది, ప్లాస్టరు లాగుతుంటే నుదురు పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, మిగతాది చివరిదాకా చూసింది. బూట్లు, దవడ, అంతా. కళ్లు తిప్పుకోలేదు.

మూత మూసి చేత్తో తుడిచింది.

“మీ ఇల్లు ఎక్కడ? రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తాను. ముందు ఆయన దగ్గర కూర్చుని, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని చెప్పాలి. ఆయన భార్యతో కూడా మాట్లాడాలి. తర్వాత అందరం కలిసే వెళ్దాం. పదింటికి ఆ గదిలో తెర ముందు నేనే నిలబడతాను. ఎక్కడ ఆపాలో నాకే తెలుసు.”